అమ్మాలా? ఉంచాలా?

మొన్నామధ్య ఆఫీసులో లంచ్ టైములో మా టీమ్ పెద్దాయన (పుట్టింది, పెరిగింది కెనడాలోనే) ఫ్లోరిడాలో ఉన్న ఇల్లు అమ్మేస్తున్నానన్నాడు. ఇన్సూరెన్స్ మోత, డాలర్ రేటు, ఆపైన 2025లో మొదలైన సుంకాల గొడవ... "ఇక వెళ్ళబుద్ధి కావట్లేదు" అన్నాడు. అందరం తలా ఒక సలహా పడేశాం. నేనైతే ఎక్సెల్ షీట్ కూడా చేసిచ్చా. చివర్లో ఆయన "నీకేం లేదా బయటి దేశంలో?" అని అడిగాడు.

లేదన్నా. సీటుకొచ్చి కూర్చున్నాక వెలిగింది. ఉంది కదా, కోహెడలో!

బాపు పోయాక నా పేరు మీదికొచ్చినవి రెండు. ఒక పెంకుటిల్లు, ఎకరం 20 గుంటల భూమి. పాత కాగితాల్లో కరీంనగర్ జిల్లా అని ఉంటుంది, 2016 తర్వాతి వాటిలో సిద్దిపేట జిల్లా. భూమి కాక చేస్తాడు. ఇల్లు తాళం వేసి ఉంటుంది. అదే షీట్‌లో నా లెక్క కూడా వేశా. 2011లో టొరంటో వచ్చాక ఆ ఇంట్లో మేం పడుకున్నవి 37 రాత్రులు. అంతే! పెద్దాయన ఫ్లోరిడాలో ఒక్క చలికాలంలో అంతకు మూడింతలు ఉంటాడు.

సరే, రూల్సేంటో చూద్దామని కూర్చున్నా. ఇల్లు అమ్మితే, నేను ఎన్నారైని కాబట్టి కొనేవాడే పన్ను కోసి గవర్నమెంటుకి కట్టాలి. ఇక్కడ కెనడాలో కూడా లాభం చూపించాలి, అక్కడ కట్టినదానికి క్రెడిట్ అడగొచ్చు. పల్లెటూరి సాగుభూమి మీద ఇండియాలో లాభాల పన్ను లేదు గానీ కెనడా వదలదు. ఇదంతా సీఏ చూసుకుంటాడు. నన్ను ఆపేసింది ఇంకోటి. ఓసీఐ కార్డున్నవాళ్ళు ఇండియాలో ఇల్లు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. సాగుభూమి మాత్రం కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు, అమ్మితే అక్కడుండే భారత పౌరుడికే అమ్మాలి. అంటే భూమి ఒకసారి అమ్మితే రోల్‌బ్యాక్ లేదన్నమాట! ఇన్నాళ్ళూ నేను ఇంటి గురించే బాధపడుతున్నా, భూమి గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

అయినా ఇల్లంటే మనసొప్పలేదు. బాపు చివరి రోజులు ఆ ముందర అర్రలోనే గడిచాయి. కాకకి ఫోన్ చేశా.

"ఇల్లు అమ్ముడంటె నీకు నామోషీ కావచ్చు బిడ్డా. గని తాళమేసిన ఇల్లు ఎన్నొద్దులు నిలవడ్తది? మొన్నటి వానలకు ఎనుక గోడ ఉబ్బింది. వారం వారం పోయి ఊడ్చొద్దామంటె నా మోకాళ్ళు లేస్తలెవ్వు. ఇక్కడి బళ్ళె పనిచేసే సారు అడుగుతున్నడు. ఉండెతందుకే, కూలగొట్టెతందుకు కాదు."

వారం వారం ఊడుస్తున్నాడని నాకు తెలీదు. మేం వెళ్ళినప్పుడల్లా ఇల్లు శుభ్రంగా ఉంటే, "చూశారా, మా ఊరి ఇల్లు ఎలా ఉందో!" అని పిల్లలకి గొప్పలు చెప్పుకున్నవాణ్ణి. స్పీకర్‌లో విన్న మా ఆవిడ ఒకటే మాటంది. "ఇల్లు మనం ఉంచుకుంటున్నామా, కాక చేత ఉంచుతున్నామా?"

నా దగ్గర జవాబు లేదు.

ఇల్లు సారుకే ఇద్దామని అనుకున్నాం. భూమి కాక చేసినన్నాళ్ళు కాకదే, ఆ తర్వాత సంగతి పిల్లలు పెద్దయ్యాక చూద్దాం. కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ కాగితాల మీద సంతకం పెట్టాలి. కాకకి ఈ మాట చెప్పి, "మరి మేమొస్తే ఎక్కడుండాలి కాకా?" అన్నా.

"గదేం మాటరా, నా ఇల్లు లేదా? ఆ ఇంట్ల పండినా తిన్నది నా ఇంట్లనే గద!"

నిజమే. 37 రాత్రులూ పడుకోవడానికే వెళ్ళాం అక్కడికి.

మీ ఊళ్ళోనూ తాళమేసిన ఇల్లుంటే, రేటెంతో కనుక్కునే ముందు తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్ళని ఒక మాట అడగండి.