గార్డు నోరు

రండి, కుంపటి దగ్గరికి జరగండి. జనవరిలో ఖరగ్‌పూర్ చలి సాయంత్రం ఆరయ్యేసరికి కాళ్ళలోకి దిగిపోతుంది. ఇదిగో ముడి... అదేనండీ, మన మరమరాలే. ఇక్కడ పుట్టి పెరిగాక నా నోటికి ఆ మాటే వస్తుంది. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తినండి. కాస్త చూసుకుని కూర్చోండి, మీ కాలి పక్కన ముడుచుకున్నవాడు మా పిల్లి, గార్డు. రైలు చివర గార్డులా, ఇంట్లో ఎవరు ఎటు నడిచినా అందరికంటే వెనక వీడు వస్తాడు. అందుకే మావారు ఆ పేరు పెట్టారు.

మా తాతగారు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఇక్కడి వర్క్‌షాపులో పనికి వచ్చారు. అప్పటినుంచి క్వార్టర్లు మారాయి గాని ఊరు మారలేదు. మా నాయనమ్మ పిల్లి ఎదురొస్తే వెనక్కొచ్చి, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేది. పక్కింటి బెంగాలీ బౌదీకి, అదే వాళ్ళ మాటలో వదినకి, మాత్రం పిల్లి షష్ఠీదేవి వాహనం, పిల్లల్ని కాచే తల్లి బండి! దాని మీద చెయ్యెత్తితే ఊరుకోదు. ఈ రెండు నమ్మకాల మధ్య పెరిగిన నేను చివరికి బౌదీ పక్షానికే చేరిపోయాను.

కిందటి ఏడాది వీడి నోరు కంపు కొట్టడం మొదలుపెట్టింది. చేపలు తినే నోరు, అలాగే ఉంటుందిలే అనుకున్నాను. అదే నేను చేసిన తప్పు. తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆకలితో గిన్నె దగ్గరికి పరుగెత్తుకొచ్చి, ఒక్క ముద్ద నోట పెట్టి, గిన్నే కరిచినట్టు బుస్సుమని వెనక్కి దూకేవాడు. గడ్డం కింద తెల్ల బొచ్చు జొల్లుకు తడిసి ఇటుక రంగు తిరిగింది. ఒళ్ళు నాక్కోవడం మానేశాడు, వీపు మీద బొచ్చు ఉండలు కట్టింది. నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుండేది వాడి ఆవులింత. నోరు తెరవడం మొదలుపెట్టి, సగంలో కీచుమని అరిచి మూసేసేవాడు.

పిల్లి నొప్పిని చెప్పుకోదండీ. మూలకు చేరి కూర్చుంటుంది, మనం వయసైపోయిందనుకుంటాం.

మందుల షాపు కుర్రాడు అర ముక్క పారాసిటమాల్ పాలల్లో కలిపి పట్టమన్నాడు. చెంచా చేతిలోకి తీసుకున్నాను కూడా. మావారు ఆపబట్టి సరిపోయింది. మనకు పనికొచ్చే ఆ మాత్రను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి లివర్‌కు చాలదు. రక్తం ఆక్సిజన్ మోయలేక పిల్లి చచ్చిపోతుంది, దానికి ఒక్క మాత్ర చాలు. మీ ఇంట్లో పిల్లి ఉంటే ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి, మీకు పుణ్యముంటుంది.

ఇక్కడ ఇంజెక్షన్లు వేయించాం. మూడు వారాలు బాగుండేవాడు, మళ్ళీ మొదటికే వచ్చేది. ఆఖరికి కలకత్తా తీసుకెళ్ళాం. బెల్గాఛియాలో 1893 నాటి పశువైద్య కళాశాల ఉన్న ఊరు, అక్కడ చూసేవాళ్ళు దొరకరా అని ధైర్యం. బుట్టకు రసీదు రాయించి, తెల్లవారుజామున ప్లాట్‌ఫారం మీద నడుస్తుంటే, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని చిన్నప్పటినుంచి గొప్పలు చెప్పుకున్న ఆ 1,072 మీటర్లూ ఆ రోజు నాకు అక్కర్లేదనిపించింది. బుట్టలోంచి చప్పుడే లేదు మరి.

డాక్టరమ్మ దీపం వేసి దవడ ఎత్తి చూపించింది. చిగుళ్ళు, గొంతు మొదలు దాకా, పచ్చి మాంసంలా ఎర్రగా! పంటి మీద చేరే పాచి మీద ఒంట్లో రక్షణ వ్యవస్థే తిరగబడుతుందట. కొన్ని పిల్లుల్లో కేలిసి వైరస్ కూడా తోడవుతుందట. పన్ను ఉంటే పాచి చేరుతుంది, అందుకని పన్నే తీసేయాలి. నేను ఏడ్చేశాను. పళ్ళు లేకుండా ఎలా తింటాడని అడిగితే, "ఈ నొప్పితో ఇప్పుడు తింటున్నాడా?" అందావిడ.

రక్తపరీక్షలయ్యాక మత్తిచ్చి, వెనక దవడ పళ్ళు పద్నాలుగూ తీశారు. పెద్ద పిల్లికి మొత్తం ముప్పై పళ్ళు. ముందున్న చిన్నవి పన్నెండు, కోరలు నాలుగు మిగిల్చారు. వేరు ముక్క ఒక్కటి లోపల ఉండిపోయినా నొప్పి పోదని, అయ్యాక ఎక్స్‌రే తీసి సరిచూశారు. గాజుగుడ్డలో పెట్టి చూపించిన పళ్ళలో ఒకటి బియ్యపు గింజంత ఉంది, దానికి రెండు వేళ్ళు! ఇంత చిన్నది అంత ప్రాణిని నెలల తరబడి ఏడిపించిందా అనిపించింది. ఎక్కువ పిల్లులకు బాగా మేలు కనిపిస్తుందనీ, కొన్నింటికి మందులు సాగించక తప్పదనీ ఆవిడ దాచకుండా చెప్పింది.

ఆ రాత్రి వాడి కళ్ళు నల్లగా గుండ్రంగా, నన్ను దాటి ఎక్కడో చూస్తున్నట్టు ఉన్నాయి. నేల మీద పక్క వేసుకుని పక్కనే పడుకున్నాను. మర్నాడు ఏమీ ముట్టలేదు. అదే నా భయం. పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే ఒంట్లో కొవ్వు లివర్‌కు చేరి ప్రాణం మీదికొస్తుంది. బౌదీ చారాపోనా, అంటే చిన్న చేపలు, తెచ్చింది. ఉప్పు, ఉల్లి తగలకుండా ఉడికించి, ముళ్ళు ఏరి, మిక్సీలో జావలా చేసి, గోరువెచ్చగా వేలికి రాసి ముక్కు దగ్గర పెట్టాం. చాలాసేపు వాసన చూశాడు. తర్వాత నాలుక బయటికొచ్చింది, ఆకురాయిలా గరగరలాడే ఆ నాలుక. ఒకసారి, మళ్ళీ ఒకసారి. బౌదీ "మా షష్ఠీ" అంటూ చేతులు జోడించింది. నేను వేలు కదపకుండా కూర్చున్నాను.

రెండు వారాలు జావే పోశాం. కుట్లు వాటంతటవే కరిగిపోయాయి. మెడకు కట్టిన పట్టీ తీసిన రోజున గంటసేపు ఒళ్ళు నాక్కుంటూ కూర్చున్నాడు, మేం వంటిల్లు వదిలి చూస్తూ నిలబడ్డాం. నెల తిరిగేసరికి గడ్డం తెల్లబడింది. ఇప్పుడు అన్నంలో కలిపిన చేప ముక్కలు నాలుకతో లాక్కుని మింగేస్తాడు. మిగిలిన పళ్ళు మెత్తటి బ్రష్‌తో పిల్లుల పేస్టు పెట్టి నేనే తోముతాను.

అదిగో చూడండి, చూడండి! ఎంత నోరు తెరిచాడో. పూర్తిగా ఆవులించాడు కదూ? ఉండండి, బౌదీ తలుపు కొడుతోంది. వీడు అప్పుడే లేచాడు. ఇవాళ మాత్రం వెనక రాడు, అందరికంటే ముందే గుమ్మంలో ఉంటాడు.