తెగిన వేళ్లు... తెగని నాదం!

హెవీ మెటల్ పేరెత్తగానే "అబ్బే, అదేం సంగీతమండీ, డబ్బాలో గులకరాళ్ల మోత!" అని చెవులు మూసుకునే పెద్దలు మన ఇళ్లలో ఉన్నారు. వాళ్లతో నేను వాదించను. టోనీ అయోమీ కథ చెబుతాను.

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ కార్ఖానాల ఊరు. 1948 ఫిబ్రవరి 19న అక్కడ పుట్టాడు టోనీ. ఎడమచేతి వాటం. అంటే గిటారు పట్టినప్పుడు ఎడమచెయ్యి మీటుతుంది, కుడిచేతి వేళ్లు తీగల్ని నొక్కుతాయి. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో వెల్డింగు పని. ఇంతలో ఒక బృందంతో జర్మనీ వెళ్లి వాయించే అవకాశం వచ్చింది. ఉద్యోగం మానేశాడు. ఆఖరి రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, ఇక వెళ్లనని మారాం చేశాడు. ఒప్పుకున్న పని పూర్తి చేసి రావాల్సిందే అంది తల్లి. ఏ తల్లయినా అదే అంటుంది కదా! ఆ రోజు ప్రెస్సు మిషను మనిషి రాలేదు. టోనీని నిలబెట్టారు. మిషను దిగింది. కుడిచేతి నడిమివేలు, ఉంగరపువేలు కొసలు తెగిపోయాయి. ఇక గిటారు మాట మరిచిపొమ్మన్నారు డాక్టర్లు.

సినిమా అయితే సరిగ్గా ఇక్కడ ఇంటర్వెల్ పడాలి!

తరవాత ప్రవేశించింది ఫ్యాక్టరీ మేనేజరు, చేతిలో ఒక రికార్డుతో. టోనీకి వినే మనసు లేదు. అయినా విన్నాడు. బాగుందన్నాక మేనేజరు అసలు సంగతి విప్పాడు. వాయించింది జాంగో రైన్‌హార్ట్ ట! 1928లో నిప్పంటుకుని ఎడమచేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా, మిగతా వేళ్లతో జాజ్ లోకాన్ని ఏలినవాడు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఆ తరవాతిదే. టోనీ ఇంట్లో కూర్చుని ఒక ప్లాస్టిక్ సీసా కరిగించాడు. దర్జీ తొడుక్కునేలాంటి వేలి తొడుగులు చేసుకున్నాడు. జారకుండా పైన తోలుముక్క అతికించాడు. మామూలు తీగలు నొక్కితే ప్రాణం పోతోంది. సన్నటి బాంజో తీగలు తెచ్చి గిటారుకి బిగించాడు.

1968లో ఆజీ ఆస్‌బోర్న్, గీజర్ బట్లర్, బిల్ వార్డ్‌లతో జట్టు కుదిరింది. ఇంతకీ జట్టుకి పేరు ఎక్కణ్ణించి వచ్చిందంటారు? సినిమా నుంచే! 'బ్లాక్ సబ్బత్' అనే 1963 నాటి దెయ్యాల బొమ్మ వాళ్లు సాధన చేసే చోటికి ఎదురు హాల్లో ఆడుతోంది. జనం డబ్బిచ్చి మరీ భయపడుతున్నారే, అదే భయం సంగీతంలో ఎందుకు పెట్టకూడదు అనుకున్నారు కుర్రాళ్లు. ఆ పేరుతోనే పాట కట్టారు. షడ్జం మీంచి ప్రతి మధ్యమానికి జారే ఆ వరస వింటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం పూట, మొదటి ఆల్బం వచ్చింది.

1971 నాటి 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో కొన్ని పాటలకి టోనీ గిటారు శ్రుతి కూడా దించేశాడు. తీగ వదులయ్యేసరికి వేళ్లకి సుఖం, నాదానికి బరువు. 'హెవీ' అన్న మాటకి ఆ బరువే అర్థమైంది!

వేళ్లు తెగడమే అతని అదృష్టమనేవాళ్లున్నారు. నేనలా అనను. మిషను అతని దగ్గర తీసుకుందే గాని ఇచ్చిందేమీ లేదు. ఇచ్చింది ఆ మేనేజరు రికార్డు, టోనీ ఓపిక. పాత పద్ధతిలో వాయించలేకపోతే, తన చేతికి తగ్గట్టు గిటారునే మార్చుకున్నాడు.

2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్కులో ఆ నలుగురూ ఆఖరిసారి కలిసి వాయించారు. పదిహేడు రోజులకే ఆజీ కన్నుమూశాడు. ఆ రాత్రి గిటారు మోగించిన టోనీకి డెబ్బయ్యేడేళ్లు. వేళ్లకి తొడుగులు అలాగే ఉన్నాయి.