నలుగురికి రెండు సీట్లు

మా పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో మా వారు నన్ను అడక్కుండా కొన్న వస్తువు ఒక్కటే. అది టీవీ కాదు, చీర అంతకన్నా కాదు. పైకప్పు లేని పాత కారు! అదీ రెండే సీట్లది. ఇంట్లో మేం ఎందరమంటే నలుగురం. అత్తమ్మ, మా వారు, నేను, అప్పటికి డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి. ఎవరిని ఎక్కించుకుని ఎవరిని గేటు దగ్గర వదిలేస్తారో మీరే చెప్పండి.

ఇది 2019 మార్చి నాటి మాట. మా వారు నాచారం పారిశ్రామికవాడలో ఒక యూనిట్‌లో ఇరవై ఆరేళ్ళు పనిచేశారు. ఫిట్టర్‌గా చేరి ఫోర్‌మన్ అయ్యారు. ఆ యూనిట్ మూతపడింది. లెక్కలన్నీ తేల్చి చేతికి ఆరు లక్షల చిల్లర ఇచ్చారు. ఆ డబ్బు రాకముందే నేను మనసులో పంచేసుకున్నాను. ఐదు లక్షలు అమ్మాయి పేర బ్యాంకులో వెయ్యాలి. మిగిలిన దాంతో వంటింటి గట్టుకు నల్లరాయి వేయించాలి, పైన వాన కారే మూలకు ప్లాస్టరింగ్ చేయించాలి. ఇంతలో ఒక సాయంత్రం ఘట్‌కేసర్‌లోని మా ఇంటి ముందు ఈ ఎర్ర కారు వచ్చి ఆగింది. రెండు లక్షల పదివేలట.

అత్తమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "గిదేం కారు బిడ్డా? మీద కప్పు లేదు, ఎనక సీటు లేదు. దీనికన్న ఎడ్లబండి నయం గదా" అంది. నాకు నోట మాట రాలేదు. మూడు రోజులు మాట్లాడలేదు కూడా. అన్నం పెట్టడం మానలేదు గానీ గిన్నెలు కాస్త చప్పుడయ్యేలా పెట్టాను. నాలుగో రోజు ఆయనే అన్నారు. "ఇరవై ఆరేళ్ళు రేకుల షెడ్డు కింద పనిచేశాను. నెత్తిన రేకు లేకుండా ఒక్కసారి పోదామనిపించింది" అని. దానికి నా దగ్గర జవాబు లేదు. కోపం మాత్రం ఉంది. అది ఇంకో ఏడాదిన్నర ఉంది!

కారు సంగతి చెప్పాలి. దీని పేరు శాన్ స్టార్మ్. మన దేశంలోనే, గోవాలో తయారైంది. 1998లో మొదటిసారి బయటికి వచ్చింది. ఒళ్ళంతా ఫైబర్, ఇంజను మాత్రం ఫ్రాన్సు వాళ్ళ రెనో కంపెనీది, 1149 సీసీ. ఇప్పుడు తయారీ లేదు. మా వారు అప్పుడెప్పుడో నాచారం రోడ్డు మీద ఒకటి పోతుంటే సైకిల్ ఆపి చూశారట. పెళ్ళయిన కొత్తలో నాతో చెప్పానని అంటారు, నాకు గుర్తు లేదు. జపాన్ వాళ్ళ మాజ్డా కంపెనీ ఇలాంటి రెండు సీట్ల కారును 1989 నుంచి చేస్తూ 2016 నాటికి పది లక్షలు దాటించిందని కూడా ఆయనే చెప్పారు. అంటే పది లక్షల మంది భార్యలు నాలాగే తల పట్టుకుని ఉంటారన్న మాట అన్నాను.

మాది 2007లో రిజిస్టరైన బండి. అందుకే నంబరు ప్లేటు మీద ఇంకా ఏపీ అనే ఉంటుంది. రాష్ట్రం విడిపోయాక వచ్చిన బండ్లకు టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. మా ఎర్రబండి మాత్రం పుట్టింటి పేరు మార్చుకోలేదు.

దీన్ని ఆదివారం షికారుకు పెట్టుకుంటే ఒక తీరు. మాకు ఇంకో బండి లేదు కదా, ఉన్న పాత స్కూటర్ అప్పటికే అమ్మేశాం. కాబట్టి ఉప్పు నుంచి పప్పు దాకా అన్నింటికీ ఇదే. పాతిక కిలోల బియ్యం బస్తా కొంటే నేను ఆటోలో రావాలి, బస్తా కారులో వస్తుంది! గ్యాస్ బండను సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టిన రోజులూ ఉన్నాయి. అది తప్పని, అలా తేకూడదని తర్వాత తెలిసి మానేశాం. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర సిగ్నల్ పడితే చాలు, పక్కన ఆగిన ఆర్టీసీ బస్సులో వాళ్ళందరికీ మన ఒడి కనబడుతుంది. ఒకసారి ఒకావిడ కిటికీలోంచి వంగి "వంకాయలు కిలో ఎంతకిచ్చిండమ్మా?" అని అడిగింది. చెప్పాను. "నీకు ఎక్కువేసిండు" అంది. ఈలోగా సిగ్నల్ పడింది.

పాత సినిమాల్లో హీరోయిన్ టాపులేని కారులో పోతుంటే జుట్టు అందంగా ఎగురుతుంది. మన వరంగల్ రోడ్డు మీద ఎగిరేది దుమ్ము. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలయ్యాయి. ఆ గుంతల్లో, ఆ మట్టిలో పైకప్పు తీసి ప్రయాణం చేస్తే ఇంటికొచ్చాక తల రుద్దుకోవాల్సిందే. చీర కొంగు గాలికి లేవకుండా నడుముకు దోపుకోవాలి. ఎండాకాలం ఉదయం తొమ్మిది దాటితే టాపు తియ్యలేం, స్టీరింగ్ పెనంలా కాలుతుంది. వానాకాలం సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఏడాదిలో హాయిగా తెరిచి తిరిగేది దసరా నుంచి శివరాత్రి దాకా, అంతే.

2020 అక్టోబరు 13 రాత్రి వాన మీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాదు సగం మునిగింది. మా ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో ముప్ఫై సెంటీమీటర్లు దాటి కురిసింది. మేం ఇంట్లోకి వచ్చే నీళ్ళను ఎత్తిపోసుకుంటూ కారు మాటే మరిచాం. తెల్లారి చూస్తే టాపు కుట్లు విడిపోయి సీట్ల మధ్య చెంబు ముంచితే మునిగేంత నీళ్ళు! తప్పు కారుది కాదు. పదమూడేళ్ళ గుడ్డ, పదమూడేళ్ళ దారం, అంత వానకు ఏం ఆగుతాయి? మా వారు మెట్ల మీద కూర్చుండిపోయారు. ఒక్క మాట అనలేదు. ఆ ముఖం చూశాక నేను కూడా ఏమీ అనలేకపోయాను. నా దగ్గర అనాల్సినవి ఏడాదిన్నరగా పోగుపడి ఉన్నాయి, అయినా.

సీట్లు విప్పించి డాబా మీద ఎండబెట్టాను. మ్యాట్లు సర్ఫ్‌లో నానబెట్టి ఉతికాను. ముక్క వాసన పోవడానికి బొగ్గు గుడ్డసంచిలో కట్టి సీట్ల కింద పెట్టాను. ఉప్పల్‌లో రెగ్జిన్ సీట్లు కుట్టే అతని దగ్గర కొత్త టాపుకు ఇస్తే, కొత్త గుడ్డను పాతదాని మీద పరిచి చుట్టూ సుద్దతో గీసేశాడు. నాకు మిషన్ పని తెలుసు. పెళ్ళికి ముందునుంచీ జాకెట్లు కుడుతున్నదాన్ని. సాగిపోయిన పాత జాకెట్టును ఆది పెట్టుకుని కోస్తే కొత్తది ఎక్కడ సరిపోతుంది? "అలా కాదు బాబూ" అని, పాత టాపు కుట్లన్నీ నేనే విప్పాను. ఏ ముక్కకు ఆ ముక్క తడిపి, ఆరబెట్టి, కాగితం మీద కొలతలు గీశాను. కారు కడ్డీల మీద పాత పంచె పరిచి గుండుసూదులతో సరిచూశాను. అతను నవ్వాడు మొదట. తర్వాత నవ్వలేదు.

గుడ్డ లారీల వాళ్ళు వాడే పట్టా గుడ్డ కాదు, అది బరువెక్కువ, మడత పడదు. నీళ్ళు పీల్చని పలచటి కాన్వాసు తీసుకున్నాం. కుట్టు ఒకటి లోపల, ఒకటి పైన, రెండు వరసలు. పైన మడత అంచు వెనక్కి తిరిగి ఉండాలి. ముందుకు ఉంటే బండి పోతుంటే వాన నీళ్ళు అంచులోకి ఎదురెక్కుతాయి. దారం నైలాన్‌ది. మొత్తం పదకొండు వేలయింది. ఆ టాపు ఇప్పటిదాకా ఒక్క చుక్క కారలేదని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

మీలో ఎవరింట్లోనైనా ఇలాంటి పిచ్చి మొదలైతే పనికొస్తుందని చెబుతున్నాను. ఫైబర్ బాడీ తుప్పు పట్టదని అమ్మేవాళ్ళు గొప్పగా చెబుతారు. నిజమే, కానీ కింద చట్రం ఇనుముదే. కింద పడుకుని చూసేవాణ్ణి తీసుకెళ్ళండి. మ్యాట్ ఎత్తి చేత్తో తడమండి, ముక్క వాసనొస్తే నీళ్ళు దిగుతున్నట్టే. టాపు తడిగా ఉన్నప్పుడు మడిచారో, ఊరగాయ జాడీకి తడి గరిటె పెట్టినట్టే, బూజు పడుతుంది. వెనక అద్దం గాజు కాదు, ప్లాస్టిక్ షీటు. పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు నీళ్ళు పోసి, మెత్తటి పాత నూలు చీర ముక్కతో తుడవాలి. మడిచేటప్పుడు కూడా ఆ చీర ముక్కే మధ్యలో పెట్టండి. తలుపుల చుట్టూ ఉండే రబ్బరుకు ఎండాకాలం నెలకోసారి పౌడర్ రాస్తే అతుక్కోదు, చిట్లదు. సామాన్ల సంగతి మరీ ముఖ్యం. తయారీ ఆగిపోయిన బండికి సామాను దొరకదు. మా వారు ఫిట్టర్ కాబట్టి సగం ఆయనే చేసుకుంటారు. ఆ విద్య ఇంట్లో లేకపోతే నా మాట విని ఆ డబ్బుతో గట్టుకు రాయి వేయించుకోండి.

టాపు అయ్యాక నేను కాస్త ఆ బండి వైపు మెత్తబడ్డాను. కానీ నిజంగా అది నాదైంది 2021లో. మా వారికి పన్నెండేళ్ళుగా షుగరు. కంటి ముందు నల్లటి దారాలు ఆడుతున్నాయని ఎవరికీ చెప్పకుండా నాలుగు నెలలు తిరిగారు. ఒక సాయంత్రం పోచారం దగ్గర రోడ్డు పక్కన ఆపిన ట్రాక్టరు ఆయనకు కనబడలేదు. నేను అరిచాను కాబట్టి బతికాం. బంజారాహిల్స్‌లో కంటి ఆసుపత్రికి తీసుకెళ్తే షుగరు వల్ల లోపలి రెటీనా దెబ్బతిందని, కంట్లో ఇంజెక్షన్లు చెయ్యాలని అన్నారు. ఇక బండి నడపవద్దన్నారు. ఆయన ఆ మాట విన్నాక తాళం చెవి తీసి నా చేతిలో పెట్టారు. ఏడవలేదు. ఆసుపత్రి బయట టీ తాగుదామా అన్నారు.

అమ్మేద్దామని అన్నది మా అమ్మాయి. వద్దని అన్నది నేను. ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

నలభై రెండేళ్ళ వయసులో ఉప్పల్‌లో డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళాను. నేర్పే అబ్బాయి "అక్కా, క్లచ్చు అంటే కుట్టుమిషన్ పెడలు కాదు" అనేవాడు. నిజానికి నాకు క్లచ్చు సులువుగా వచ్చింది ఆ పెడలు అలవాటు వల్లే. నాగోల్ ట్రాక్ మీద మొదటిసారి ఫెయిలయ్యాను. వెనక్కి పోయేటప్పుడు అద్దం చూడకుండా మెడ తిప్పి చూశానని. రెండోసారి పాసయ్యాను. కానీ స్కూలు కారు వేరు, మా కారు వేరు. ఇందులో కూర్చుంటే పీట మీద కూర్చున్నట్టే. పక్కన లారీ వస్తే నాకు కనబడేది దాని చక్రం మాత్రమే. మొదటి నెల నేను మేడిపల్లి దాటలేదు.

ఆ పైన నెలకోసారి ఇంజెక్షన్‌కు ఆయన్ను నేనే తీసుకెళ్ళాను. పొద్దున ఆరింటికి బయల్దేరితే తార్నాక దాకా రోడ్డు ఖాళీ. రెండు సీట్లు, మేమిద్దరం. పెళ్ళయ్యాక మేమిద్దరమే ఎక్కడికైనా పోయింది లెక్కపెడితే అంతకు ముందు ఎన్నిసార్లో! ఎప్పుడూ అత్తమ్మో, అమ్మాయో, చుట్టాలో ఉండేవాళ్ళు. ఒకసారి ఇంజెక్షన్ అయ్యాక కంటికి కట్టుతో వస్తున్నారు. చలికాలం కదా, టాపు మూసే ఉంచాను. హబ్సిగూడ దగ్గర "టాపు తియ్యి" అన్నారు. కంట్లో దుమ్ము పడుతుందని నేను తియ్యలేదు. ఇంటి దాకా మాట్లాడలేదు. ఆ రోజు గిన్నెలు చప్పుడు చేసింది ఆయన.

అత్తమ్మది ఇంకో కథ. ఆవిడకు మూసిన కారు పడదు, బోడుప్పల్ రాకముందే వాంతి. మోకాళ్ళు వంగవు కాబట్టి ఇంత కిందికున్న సీట్లోకి దిగలేదు. టాపు తీసేసి, తలుపు తెరిచి, ముందు అద్దం చట్రం పట్టుకుని నిలబడితే, నేను వెనక నుంచి చంకల కింద పట్టుకుని మెల్లగా దింపుతాను. ఇప్పుడు ఏదులాబాద్ గోదాదేవి గుడికి నెలకోసారి మేమిద్దరం. వాంతి లేదు. ఎడ్లబండి మాట ఎత్తితే "నేనన్ననా? ఎప్పుడన్న?" అంటుంది.

2022లో బండికి పదిహేనేళ్ళు నిండాయి. రిజిస్ట్రేషన్ రెన్యూ చేయించాలి. ఆ ఏడు ఏప్రిల్ నుంచే ఆ ఫీజు ఆరువందల నుంచి ఐదువేలకు పెరిగింది, మాకే తగిలింది! పైన గ్రీన్ ట్యాక్సు. తనిఖీకి నేనే నడుపుకుని వెళ్ళాను. అధికారి బండి చుట్టూ తిరిగి, టాపు కుట్టు మీద వేలు పెట్టి, "కంపెనీదేనా ఇది?" అని అడిగారు. మా వారు పక్కనే ఉన్నారు. "మా ఇంట్లో కుట్టింది సార్" అన్నారు.

ఇప్పుడు ఆయన చూపు ఒక కన్ను పర్వాలేదు, రెండోది మసక. ఇంటి దగ్గర చిన్న లేతు పెట్టుకున్నారు, చేత్తో తడుముతూనే చాలా పని చేస్తారు. అమ్మాయికి ఉద్యోగం వచ్చింది, తన పేర వెయ్యాల్సిన ఐదు లక్షల్లో తగ్గిన ముక్క తనే వేసుకుంది. వంటింటి గట్టుకు రాయి ఇంకా పడలేదు. పోచారంలో కంప్యూటర్ ఉద్యోగం చేసే ఒక కుర్రాడు పోయిన సంక్రాంతికి ఇంటికొచ్చి మూడున్నర లక్షలు ఇస్తానన్నాడు. మా వారు నా వైపు చూశారు. ఈసారి అడిగారు చూడండి! ఇవ్వనన్నాను.

రెన్యూ చేసింది ఐదేళ్ళకే, 2027 దాకా. అప్పుడెలాగూ ఆఫీసుకు పోవాలి కాబట్టి, అదే చేత్తో బండి నా పేరు మీదికి మార్చమన్నాను. ఫారం 29, ఫారం 30 తెచ్చి అల్మరాలో చీరల కింద పెట్టాను కూడా. మా వారు "చూద్దాం" అంటున్నారు.