మామయ్య గారి వాకిట్లో మంచు లెక్క

ఒట్టావాలో రెండు కార్లు పట్టే డ్రైవ్‌వే అంటే ఇంచుమించు 6 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు. ఒక రాత్రిలో దాని మీద 20 సెంటీమీటర్ల మంచు పడితే 12 ఘనపు మీటర్లు. అప్పుడే రాలిన మంచు ఘనపు మీటరుకి సుమారు వంద కిలోలు తూగుతుంది. అంటే తెల్లారేసరికి వాకిట్లో 1,200 కిలోల బరువు పరుచుకుని ఉంటుంది. అదీ పొడి మంచయితే. తడిసి గడ్డకట్టిందంటే రెండు మూడింతలు. మా మామయ్య గారికి 77 ఏళ్ళు, గుండెలో ఒక స్టెంట్ ఉంది. ఆ బరువంతా ఆయన పారతో ఎత్తిపోయకుండా ఉండాలంటే డబ్బు ఎంత పెట్టాలి, దేని మీద పెట్టాలి అని మా ఇంట్లో ఒక వేసవంతా చర్చ నడిచింది.

కెనడా 1967లో వలసలకి పాయింట్ల పద్ధతి తెచ్చాక మనవాళ్ళకి ఈ దేశం తలుపులు తెరుచుకున్నాయి. మామయ్య గారు ఆ తరం మనిషి. 1972లో తెనాలి నుంచి ఇంజనీరుగా వచ్చి, తర్వాత ఒట్టావా శివారు కనాటాలో ఇల్లు కొనుక్కున్నారు. పిల్లలిద్దరూ ఆ ఇంట్లోనే పెరిగారు. ఆయన పనిచేసిన కంపెనీ దివాలా తీశాక పెన్షన్‌లో కోత పడింది. అప్పటినుంచి ఖర్చు అనగానే ముందు కాగితం, పెన్సిలు తీస్తారు. మేముండేది మిస్సిసాగాలో, దారి బాగుంటేనే నాలుగున్నర గంటల ప్రయాణం. బావమరిది కాల్గరీలో. మంచు కురిసిన పొద్దున మేమెవరం అక్కడ ఉండం. ఏ యంత్రం కొన్నా, ఏ ఏర్పాటు చేసినా ఈ సంగతి దృష్టిలో పెట్టుకునే చెయ్యాలి.

ఆయన ఇక పార పట్టకూడదని మా ఆవిడ పట్టు పట్టడానికి కారణం ఒక పరిశోధన. క్యుబెక్‌లో 1981 నుంచి 2014 దాకా ఆసుపత్రి రికార్డులనీ, మరణాల రికార్డులనీ వాతావరణ లెక్కలతో కలిపి చూసిన అధ్యయనం 2017లో కెనడియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చింది. 20 సెంటీమీటర్ల మంచు పడిన మర్నాడు, మంచు పడని రోజుతో పోలిస్తే, మగవాళ్ళలో గుండెపోటుతో ఆసుపత్రిలో చేరడం 16 శాతం, గుండెపోటు మరణాలు 34 శాతం ఎక్కువగా కనిపించాయి. ఆడవాళ్ళలో అంత సంబంధం కనపడలేదు. పార పట్టేది ఎక్కువగా మగవాళ్ళే కావడం ఇందుకు కారణం కావచ్చని పరిశోధకుల అనుమానం. మా ఆవిడ ఇదంతా ఫోన్‌లో చదివి వినిపిస్తే, "యాభై ఏళ్ళుగా ఎత్తుతున్నానమ్మా, నాకు అలవాటే" అన్నారు మామయ్య గారు. ఆ అలవాటే మా భయం. చెయ్యలేనని ఒప్పుకునే మనిషయితే ఇంత చర్చే ఉండేది కాదు.

సరే, స్నోబ్లోయర్ కొందామన్నారు బావమరిది. మంచును పీల్చి దూరంగా విసిరే ఈ యంత్రం పుట్టింది క్యుబెక్‌లోనే. ఆర్థర్ సికార్డ్ అనే ఆయన 1925లో తయారు చేసి, 1927లో మాంట్రియల్ పక్కనున్న ఉట్రమాంట్ పట్టణానికి మొదటిది అమ్మారు. అది ట్రక్కు మీద బిగించి రోడ్లు తుడిచే యంత్రం. ఇళ్ళ కోసం చిన్నదై వచ్చినా నడిపే మనిషిలో సత్తువ ఉండాల్సిందే. షాపులో దాని ముందు నిలబడితే గానీ ఆ సంగతి తెలియదు.

ఇళ్ళకి వాడేవి ముఖ్యంగా రెండు రకాలు. సింగిల్ స్టేజ్‌లో రబ్బరు రెక్కలు నేలని తాకుతూ తిరుగుతాయి. మంచుని అవే లాగుతాయి, అవే విసురుతాయి. తేలిగ్గా ఉంటుంది, కాంక్రీటుని నున్నగా తుడుస్తుంది. కానీ ఒక జానెడు మించితే తడబడుతుంది, కంకర నేల మీద రాళ్ళు ఎగరేస్తుంది. టూ స్టేజ్‌లో ముందున్న ఇనప మర మంచుని తవ్వి లోపలికి లాగితే, వెనకున్న ఫ్యాను గొట్టంలోంచి దూరంగా చిమ్ముతుంది. చక్రాలు వాటంతట అవే నడుస్తాయి. రోడ్డు మీది మంచుని పక్కకి తోసే సిటీ ప్లౌ బండి వెళ్ళాక డ్రైవ్‌వే మొదట్లో ఒక గట్టు మిగులుతుంది. ఉప్పూ బురదా కలిసి గడ్డకట్టే ఆ గట్టుని తియ్యగలిగేది ఈ రెండో రకమే. ఒట్టావాలో ఆ గట్టు తీసుకోవాల్సిన బాధ్యత ఇంటివాళ్ళదే. పారతో తీసేవాళ్ళ గుండె మీద ఎక్కువ భారం పడేదీ అక్కడే.

సెప్టెంబరులో అందరం కలిసి షాపుకి వెళ్ళాం. మొదటి మంచు పడ్డాక వెళితే సరుకూ ఉండదు, బేరమూ ఉండదు. 24 అంగుళాల పెట్రోలు యంత్రం, ధర 1,900 డాలర్లు. బరువు వంద కిలోలకి కాస్త అటూ ఇటూ. మామయ్య గారికి చూడగానే నచ్చింది. గేర్లు, గొలుసు, గొట్టం తిప్పే కడ్డీ అన్నీ ఒక్కొక్కటే తడిమి చూశారు. ఇంజిను ఆపి ఉన్న దాన్ని ఒకసారి వెనక్కి లాగి మలుపు తిప్పమని అడిగాం. ఎడమ చేతి మీట నొక్కి పట్టుకోవాలి, కుడి చేతిదీ నొక్కాలి, ఒంటి బరువంతా వేసి పక్కకి లాగాలి. తిప్పారు. షాపులో నున్నటి నేల మీద, సెప్టెంబరు నెలలో, స్వెట్టరు కూడా లేకుండా. తిప్పాక మణికట్టు రుద్దుకున్నారు. మా ఆవిడ కళ్ళు ఆ మణికట్టు మీదే ఉన్నాయి. మైనస్ 25లో, లావుపాటి గ్లవ్స్‌తో, కాళ్ళ కింద ఐసు మీద ఇదే పని ఎలా ఉంటుందో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

ఇంకో భయం కూడా ఉంది. తడి మంచు గొట్టంలో ఇరుక్కుంటే చాలామంది చెయ్యి పెట్టి తీస్తారు. ఇంజిను ఆపినా లోపల ఒత్తిడి మిగిలి ఉంటే, మంచు కదలగానే ఫ్యాను ఒక్కసారి గిర్రున తిరగొచ్చు. ఏటా కొందరు వేళ్ళు పోగొట్టుకునేది ఇలాగే. అందుకే యంత్రంతో పాటు ఒక ప్లాస్టిక్ కర్ర ఇస్తారు. మా మామయ్య గారు జీవితమంతా యంత్రాలతో గడిపిన మనిషి. ఏది ఆగిపోయినా ముందు వేలు పెట్టి చూస్తారు.

ఇంటికొచ్చి ఆయనే కాగితం మీద లెక్క వేశారు. 1,900కి 13 శాతం హెచ్‌ఎస్‌టీ పన్ను కలిపితే 2,147. పదేళ్ళు వస్తుందనుకుంటే ఏడాదికి 215. పెట్రోలు, ఆయిలు, విరిగే పిన్నులు, ఏటా సర్వీసు కలిపి ఇంకో 150. మొత్తం 365. యంత్రం కొనకుండా, మంచు తీసేవాళ్ళకి సీజనుకి కాంట్రాక్టు ఇస్తే 600, పన్నుతో 678. "ఏడాదికి మూడొందలు మిగులుతాయి కదయ్యా" అన్నారు నాతో.

ఆ లెక్కలో తప్పులేదు. కానీ అందులో కొన్ని పద్దులు రాయలేదు. వంద కిలోల యంత్రం జనవరిలో మొరాయిస్తే, పికప్ ట్రక్కు లేని మనిషి దాన్ని రిపేరు షాపుకి ఎలా తీసుకెళ్తారు? వాళ్ళే వచ్చి తీసుకెళ్ళాలంటే దానికి వేరే డబ్బు, పైగా వారాల తరబడి వరస. పదేళ్ళు వచ్చేది యంత్రం. దాన్ని నడపాల్సిన ఆయనకి అప్పటికి 87 వస్తాయి. మూడేళ్ళకే వాడకం మానేస్తే ఏడాది ఖర్చు 700 దాటిపోతుంది, పాతది అమ్మితే వచ్చేది కాస్త తగ్గించుకున్నా సరే. అదీగాక రెండేళ్ళకోసారి వాళ్ళిద్దరూ సంక్రాంతికి తెనాలి వెళ్ళి మార్చిలో వస్తారు. అప్పుడు యంత్రం గరాజ్‌లో ఉంటుంది, మంచు వాకిట్లో ఉంటుంది. చలికాలంలో ఇల్లు ఖాళీగా వదిలి వెళితే, ఎవరైనా వచ్చి చూసిపోతూ ఉండకపోతే, పైపులు గడ్డకట్టి పగిలిన నష్టానికి చాలా ఇన్సూరెన్సు పాలసీలు డబ్బివ్వవు. చూడ్డానికి వచ్చే మనిషి తలుపు దాకా నడవాలంటే దారి తీసి ఉండాలి కదా.

కాంట్రాక్టు మాటెత్తితే ఆయనకి కోపం రావడానికీ కారణం ఉంది. అంతకు ముందు ఒకాయన సీజను డబ్బు మొత్తం నవంబరులోనే తీసుకుని, జనవరి నుంచి ఫోను ఎత్తడం మానేశాడు. అందుకని ఈసారి నేనే కూర్చుని వాకబు చేశాను. ఒట్టావాలో మంచు తీసే కాంట్రాక్టర్లకి సిటీ లైసెన్సు ఉండాలి. ముందు అది అడిగాను. తర్వాత కాగితం మీద రాయించుకున్నవి: ఎన్ని సెంటీమీటర్లు పడితే వస్తారు, పొద్దున ఎన్నింటిలోపు వస్తారు, సిటీ ప్లౌ వెళ్ళాక ఆ గట్టు తియ్యడానికి మళ్ళీ వస్తారా. డబ్బు రెండు వాయిదాల్లో, రెండోది జనవరి చివర. మూడో ప్రశ్నకి సూటిగా అవునని రాసిచ్చినవాళ్ళకే పని ఇచ్చాం, ధర కాస్త ఎక్కువైనా. నన్నడిగితే ఆ ఒక్క వాక్యం కోసమే కాంట్రాక్టు తీసుకోవాలి.

ఆదాయం తక్కువ ఉన్న పెద్దవాళ్ళు ఇంకో మాట తెలుసుకోవాలి. ఒట్టావాలో స్నో గో అని పెద్దవాళ్ళకీ, వైకల్యం ఉన్నవాళ్ళకీ మంచు తీసే మనుషుల్ని చూసిపెట్టే ఏర్పాటు ఉంది. స్నో గో అసిస్ట్ కింద అర్హులకి ఖర్చులో కొంత తిరిగిస్తారు. నది దాటి క్యుబెక్ వైపు ఉంటే, 70 దాటినవాళ్ళకి ఇంటి సేవల కోసం ఇచ్చే పన్ను క్రెడిట్‌లో మంచు తీయించే ఖర్చు కూడా చేరుతుంది. మన పెద్దవాళ్ళు ఇలాంటివి అడగడానికి మొహమాటపడతారు. పిల్లలే ఫోను చేసి కనుక్కోవాలి.

ఇక డబ్బు ఎవరు పెట్టాలి? నేను పెడతానంటే ఆయన ససేమిరా అన్నారు. కూతురింటి సొమ్ము ముట్టకూడదన్నది ఆయన పట్టింపు. యాభై ఏళ్ళు కెనడాలో ఉన్నా అది చెక్కుచెదరలేదు. దాన్ని నేను వాదనతో గెలవాలనుకోలేదు. ఆయన పెన్షన్ కాగితాల్లోనే దారి దొరికింది. 75 దాటిన వాళ్ళకి 2022 జూలై నుంచి ఓల్డ్ ఏజ్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పెన్షన్‌ని 10 శాతం పెంచారు. పూర్తి పెన్షన్ వచ్చేవాళ్ళకి మొదటి ఏడాదికే అది 800 డాలర్లు దాటుతుందని ప్రభుత్వం చెప్పింది. ఆయనకి వచ్చేది పూర్తి పెన్షనే. "ఈ పెంపు ఇచ్చిందే వయసు మీద పడినందుకు. ఆ డబ్బుతోనే కాంట్రాక్టు కట్టండి మామయ్యా" అన్నాను. పన్ను పోను మిగిలేది కాంట్రాక్టుకి దాదాపు సరిపోతుంది. ఆయన పెన్సిలుతో రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని చూసి, సరేనన్నారు. తన డబ్బు, తన పేరు మీద చెక్కు.

అయినా స్నోబ్లోయరూ కొన్నాం, వేరే రకం. డ్రైవ్‌వే కాంట్రాక్టరు చూసుకుంటాడు గానీ గుమ్మం నుంచి డ్రైవ్‌వే దాకా ఉన్న సన్నటి నడక దారి, వెనక తలుపు ముందు చోటు కాంట్రాక్టులో ఉండవు. అత్తయ్య గారి మోకాళ్ళకి ఆ నడక దారే ముఖ్యం. దానికి బ్యాటరీతో నడిచే చిన్న సింగిల్ స్టేజ్ తీసుకున్నాం. బ్యాటరీలు, చార్జరుతో కలిపి సుమారు 900. బరువు 30 కిలోల పైచిలుకు. తాడు లాగే పని లేదు, బటన్ నొక్కి మీట పడితే తిరుగుతుంది, వదిలేస్తే ఆగుతుంది. పెట్రోలు పాతబడటం, కార్బురేటరు పూడుకుపోవడం లేవు. చలికి బ్యాటరీ శక్తి తగ్గుతుంది కాబట్టి వాటిని గరాజ్‌లో ఉంచకుండా వంటింటి పక్క అరలో పెట్టమన్నాం. ఇది కొడుకు కొన్నది, కాబట్టి పట్టింపు అడ్డు రాలేదు.

ఆయనకి చెయ్యడానికి పని మిగిలింది. చలికాలం పొద్దున బయటికి వచ్చి, పక్కింటాయనతో నాలుగు మాటలు మాట్లాడి, తన దారి తాను తీసుకుంటున్నారు. డ్రైవ్‌వే జోలికి వెళ్ళనని అత్తయ్య గారికి మాటిచ్చారు. పాత పారని ఆవిడే పక్కింటి కుర్రాడికి ఇచ్చేశారు.

ఈ ఏడు ముందు మెట్లకి రెండు వైపులా రైలింగ్ పెట్టిస్తున్నాం. స్నోబ్లోయరుకీ కాంట్రాక్టుకీ రాని హోమ్ యాక్సెసిబిలిటీ పన్ను క్రెడిట్ దీనికి వర్తిస్తుంది. 65 దాటినవాళ్ళ ఇంట్లో ఇలా శాశ్వతంగా ఉండే మార్పులకి ఏడాదికి 20,000 డాలర్ల దాకా ఖర్చు చూపించుకోవచ్చు. రసీదు తన పేరు మీదే తీసుకుని దాచమని, మేస్త్రీతో మాట్లాడిన రోజే మామయ్య గారికి చెప్పాను.