కార్తెలు తెలిసిన రైతుకు చుక్కలు చూపిస్తూ

మిర్చి కళ్లంలో టెలిస్కోపు పెట్టగానే నేను చెప్పే మొదటి మాట, "చేతులు కడుక్కుని రండి" అని. పగలంతా తాలుకాయలు ఏరిన చేత్తో కన్ను నలుపుకుంటే ఇక ఆ రాత్రికి మంట తప్ప మరేదీ కనిపించదు.

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాయ కళ్లానికి చేరాక రైతులు రాత్రిళ్లు అక్కడే కాపలా పడుకుంటారు. ఆ రోజుల్లో ఆరంగుళాల టెలిస్కోపు తీసుకుని గుంటూరు, ప్రకాశం పల్లెలకు వెళతాను. మంచు దిగే వేళకు వాళ్లు కాయల మీద పట్టాలు కప్పుతారు, నేను కటకాలకు మూతలు పెడతాను. అంతవరకే మా తరగతి.

ఈ రైతులకు కార్తెలు కంఠతా వచ్చు. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు, మృగశిరలో చల్లబడుతుందంటారు. ఆకాశంలో రోహిణి ఏదని అడిగితే మాత్రం చూపించగలిగేవాళ్లు తక్కువ. దానికి కారణం ఉంది. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే అది ఆ కార్తె. మే 25 ప్రాంతంలో ఆయన రోహిణిలోకి వస్తాడు. ఆ వెలుగులో ఆ చుక్క కనబడదు. కార్తె ఉన్నప్పుడు చుక్క ఉండదు, చుక్క ఉన్నప్పుడు కార్తె ఉండదు.

అందుకే మిర్చి కోతల కాలమే వాటిని చూడటానికి అదను. మార్చిలో పొద్దుగూకాక పడమట గుత్తిగా కనిపించేది పిల్లలకోడి, అదే కృత్తిక. మామూలు కంటికి ఆరేడు చుక్కలు, టెలిస్కోపులో పదులకొద్దీ. దానికి పైన ఎర్రగా రోహిణి, ఇంకా పైన ఆరుద్ర. "ఇదా మాస్టారూ రోహిణి! దీని పేరు చెప్పుకునేగా ఇన్నేళ్లూ దుక్కులు దున్నింది" అన్నాడొక పెద్దాయన. ఆ తర్వాత ఆయనే మనవణ్ణి నిద్రలేపి చూపించాడు.

పిల్లలకు గుంటూరు కథ కూడా చెబుతాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే ఎర్రటి జ్వాలల కాంతిని వర్ణపటదర్శినితో విడదీసి చూశాడు. అందులో కనిపించిన గీతల మెరుపు చూసి, గ్రహణం లేకున్నా ఇవి కనిపిస్తాయని గ్రహించి, మర్నాడే ఇక్కడినుంచే చూశాడు. ఆ గ్రహణంలో కనిపించిన పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానిదీ కాదని తరువాత తేలింది. అదే హీలియం. భూమ్మీద దాన్ని రామ్సే పట్టుకున్నది 1895లో. మన ఊరి ఆకాశానికి అంత చరిత్ర ఉంది. పిల్లలకు అది తెలియాలి.

ఈసారి కళ్లం వేసినప్పుడు ఒక రాత్రి కాసేపు లైట్లు ఆపి, మీ పిల్లలకు కృత్తిక, రోహిణి, ఆరుద్ర చూపించండి. దానికి టెలిస్కోపు అక్కర్లేదు.