మంచు పలుకు చెప్పిన పాఠం

మా హాస్టల్ బ్యాచిలో మంచు కురవడం కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. మాకు తెలిసిందల్లా రాళ్ళవాన. మార్చి, ఏప్రిల్ నెలల్లో అది పడితే మామిడి పిందెలు రాలిపోయాయని పెద్దలు తల పట్టుకునేవారు. పిల్లలం మాత్రం గిన్నెలు పట్టుకుని వడగళ్ళు ఏరేవాళ్ళం. అంత ఎండాకాలంలో ఆకాశంలో మంచుగడ్డలు ఎలా వచ్చాయన్న ప్రశ్నకు జవాబు మాకు తర్వాత సైన్సు పుస్తకాల్లో దొరికింది.

నేల మీద ఎంత ఎండ కాసినా పైకి పోయేకొద్దీ చలి పెరుగుతుంది. మన వైపు వేసవిలో కూడా సుమారు 5 కిలోమీటర్ల ఎత్తున సున్నా డిగ్రీలే ఉంటుంది. ఉరుముల మబ్బులు అంతకు రెట్టింపు ఎత్తుకు లేస్తాయి. అక్కడ నీటి బిందువులు సున్నా కంటే చల్లబడినా వెంటనే గడ్డకట్టవు. సరైన ధూళి రేణువు దొరికితే దాని ఆసరాతో మంచు పలుకు పుడుతుంది. చుట్టూ ఉన్న బిందువులు ఆవిరై తరిగిపోతుంటే, ఆ ఆవిరిని తీసుకుని పలుకు పెరుగుతుంది. బరువెక్కి దిగుతూ దారిలో కరిగితే చినుకు అవుతుంది. మన ఉరుముల వానల్లో ఎన్నో చినుకులు అలా మంచుగా పుట్టినవే.

ఇందులో మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకున్న సంగతి ఒకటుంది. మొదట్లో ఈ పలుకులు ఆరు పక్కలున్న చిన్న బిళ్ళల్లా ఉంటాయి. తేడాలన్నీ పెరిగేటప్పుడే వస్తాయి. మైనస్ 2 డిగ్రీల దగ్గర పెరిగితే పల్చటి బిళ్ళ అవుతుంది. మైనస్ 5 దగ్గర సూదిగానో సన్నని స్తంభంగానో సాగుతుంది. మైనస్ 15 దగ్గర, తేమ బాగా ఉంటే, ఆరు కొమ్మల నక్షత్రమవుతుంది. అదే చలిలో తేమ తక్కువైతే సాదా బిళ్ళగానే మిగిలిపోతుంది. పక్కలు త్వరగా పెరిగితే బిళ్ళ, పైనా కిందా త్వరగా పెరిగితే స్తంభం. ఏది ముందు పెరగాలో చలి నిర్ణయిస్తుంది. అలా ఎందుకన్నది శాస్త్రవేత్తలు ఇప్పటికీ పరిశోధిస్తూనే ఉన్నారు.

దీన్ని మొదట వివరంగా తేల్చినవాడు జపాన్ శాస్త్రవేత్త ఉకిచిరో నకాయా. 1930లలో ఆయన హొక్కైడో విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు, తాను నేర్చుకున్న పరిశోధనకు తగిన పరికరాలు అక్కడ లేవు. అక్కడ పుష్కలంగా ఉన్నది మంచు ఒక్కటే. దాన్నే పట్టుకున్నాడు. చలిగదిలో గోరువెచ్చని నీటి ఆవిరిని పైకి పంపి, దేని మీద పలుకు నిలుస్తుందో వెతికాడు. చివరికి కుందేలు వెంట్రుక పనికొచ్చింది. 1936లో మనిషి చేతిలో తొలి మంచు స్ఫటికం తయారైంది. ఆ తర్వాత ఏ చలిలో, ఎంత తేమలో ఏ ఆకారం వస్తుందో పటం గీసిపెట్టాడు.

ఈ సంగతి మన హాస్టల్ సంచికలో ఎందుకంటే, మనలో చాలామంది ఒక మాట విని ఉంటారు. "వాళ్ళకు చదువులు అబ్బవు, పుట్టుకే అంత" అని. పైచదువులకు పోయినచోట మేమూ విన్నాం. అప్పుడు మాకు ఈ మంచు పలుకులే గుర్తొచ్చేవి. ఒకే నీరు, ఒకే రకం పుట్టుక. ఒకటి నక్షత్రమై, ఇంకొకటి సాదా బిళ్ళయితే, ఆ తేడా అవి పెరిగిన చోట ఉంది. నక్షత్రానికి ఆరు కొమ్మలూ దాదాపు ఒకేలా ఉండేది కూడా ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నందుకు కాదు. ఆరూ కలిసి ఒకే చలిలో, ఒకే తేమలో ప్రయాణించాయి కాబట్టి. ఒకే హాలులో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని, ఒకే లైటు కింద చదివిన మా బ్యాచి కూడా అంతే.

మంచు పలుకు తన మబ్బును తాను మార్చుకోలేదు. మనం మార్చుకోగలం. తమ్ముళ్ళారా, స్టడీ అవరులో లైటు వెలగకపోతే, లైబ్రరీ బీరువాకు తాళం వేసి ఉంటే, గణితం చెప్పేవాళ్ళు లేకపోతే నోరు విప్పి అడగండి. అది మన హక్కు. పాత విద్యార్థులారా, ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళం నెలకు ఒక ఆదివారం వచ్చి ఒక్కో సబ్జెక్టు చెబుదాం. వచ్చే వార్షికోత్సవానికి ఈ పని మొదలై ఉండాలని మా అందరి కోరిక.