రాత్రి 9కి మూసుకునే దారి

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే 765వ నంబరు జాతీయ రహదారి తుక్కుగూడ దాటాక చాలాసేపు అడవి ఊసెత్తదు. వెంచర్ల కమాన్లు, దాబాలు, ఆపైన కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ. అన్నీ చేలే. అడవి జంతువు బండికి అడ్డం వచ్చేది నల్లమలలోనే అనుకునేవాళ్లు ఇక్కడే మోసపోతారు. మక్క కంకి పాలుపోసుకునే రోజుల్లో చీకటి పడితే చాలు, అడవిపందుల మందలు గుట్టలు దిగి చేలల్లో పడతాయి. వాటి దారికి రోడ్డే అడ్డం.

పందిని రాత్రిపూట పోల్చుకోవడం కష్టం. దుప్పికి, కణితికి, చిరుతకు కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది. హెడ్‌లైటు పడగానే ఆ కళ్లు మెరుస్తాయి. పంది కంటికి ఆ పొర లేదు. నల్లటి తారు మీద నల్లటి ఒళ్లు, అదీ బంపర్ ఎత్తులో. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. జంతువు కంటపడి కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే 33 మీటర్లు అక్కడే అయిపోతాయి. ఆ తర్వాత బండి ఆగడానికి పొడి రోడ్డు మీదైనా ఇంకో 35 మీటర్లు కావాలి. డిమ్ లైటు అంత దూరం చూపించదు. 40లో వెళ్తే మొత్తం 26 మీటర్లలో ఆగొచ్చు. స్టీరింగ్ పక్కకు కోస్తే చెట్టో, ఎదురొచ్చే లారీయో కాచుకుని ఉంటుంది. బ్రేకు గట్టిగా తొక్కి బండిని నేరుగా ఉంచడమే దారి. ఒకటి దాటిపోయిందని వేగం పెంచకూడదు. మందలో మిగిలినవి వెనకే వస్తాయి.

వెల్దండ దాటాక మా బావ కారుకు ఇలాగే పంది తగిలింది. బంపర్ చీలింది కానీ లైట్లు వెలుగుతున్నాయి, ఇంజన్ నడుస్తోంది. కింద కూలెంట్ ధారకట్టడం చూసి ఆపేశాం. కల్వకుర్తి షెడ్డు నుంచి వచ్చిన మెకానిక్ బానెట్ ఎత్తకముందే నేలమీదికి వంగి టార్చి వేశాడు. “బంపర్ ఏడికి పోదు సార్. ఈ నీళ్లు కారంగ ఇంకో పది కిలోమీటర్లు తోలితే ఇంజనే పట్టేస్తుండె,” అన్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. గ్రిల్ వెనక ఏసీ కండెన్సర్, దాని వెనక రేడియేటర్, ఆపైన ఫ్యాను, అన్నీ వేళ్ల సందంత దూరంలో ఉంటాయి. పంది దెబ్బ సూటిగా వాటి మీదే పడుతుంది. టెంపరేచర్ ముల్లు పైకి లేస్తే ఇంజన్ ఆపాలి. వేడిమీద రేడియేటర్ మూత తీయకూడదు.

జంతువు తగిలిన నష్టానికి సమగ్ర బీమా వర్తిస్తుంది, థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే పైసా రాదు. సాధారణ పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు తరుగు కింద 50 శాతం కోస్తారు, బంపర్ ఆ లెక్కలోకే వస్తుంది. దెబ్బ తగిలాక కూడా తోలి ఇంజన్ పాడుచేసుకుంటే ఆ ఖర్చు ఇవ్వనంటారు. అందుకే అక్కడికక్కడే ఫొటోలు తీసి, కంపెనీకి చెప్పి, సర్వేయర్ చూశాకే విప్పించాలి. గాయపడిన పంది దగ్గరికి పోకూడదు, అటవీ శాఖకు కబురు చేయాలి. చచ్చిన జంతువును డిక్కీలో వేసుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

డిండి, హాజీపూర్ దాటితే మన్ననూరు చెక్‌పోస్టు. ఇక్కడినుంచి దోమలపెంట దాకా 50 కిలోమీటర్ల పైనే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు వేస్తారు. దాన్ని తిట్టుకునే యాత్రికులు కణితిని ఒక్కసారి తలుచుకోవాలి. పెద్ద పోతు 200 కిలోలు దాటుతుంది. కారు దాని కాళ్లను కొడితే ఒళ్లంతా బానెట్ మీదుగా అద్దంలోకి వస్తుంది. అక్కడ పోయేది రేడియేటర్ కాదు, ముందు సీట్లో కూర్చున్నవాళ్ల ప్రాణం.

పగలు కూడా ఫరహాబాద్, వటవర్లపల్లి మధ్య కోతులు చక్రాల కింద పడుతున్నాయి. పుణ్యమని అరటిపళ్లు విసిరి వాటిని రోడ్డుకు అలవాటు చేసింది మనమే.

రోడ్డును పైకెత్తి జంతువులను కింద నడవనిచ్చే పద్ధతి మన దేశంలో రుజువైంది. ఆదిలాబాద్, నిర్మల్ మీదుగా పోయే 44వ నంబరు రహదారి మీదే, మహారాష్ట్రలోని పెంచ్ దగ్గర 9 వంతెనలు కట్టారు, ఒకటి 750 మీటర్లది. 2019లో వాటి కింద పెట్టిన కెమెరాల్లో పులులతో సహా 18 రకాల జంతువులు కనిపించాయి. అమ్రాబాద్ మీదుగా కూడా ఎలివేటెడ్ కారిడార్ ప్రతిపాదన ఉంది. అది కట్టేదాకా గేటు ఉండి తీరాలి.

దోమలపెంట, ఈగలపెంట దాటి ఘాటు దిగితే కృష్ణ, డ్యామ్. ఆవలి గట్టెక్కితే సున్నిపెంట, శ్రీశైలం. అటు శిఖరం మీదుగా దోర్నాల దిగే రోడ్డూ అడవిదే, దానికీ రాత్రి గేటుంది.

అసలు ప్రమాదం 8 నుంచి 9 మధ్య. గేటు పడేలోగా దూరిపోవాలని డిండి నుంచి మన్ననూరు దాకా బళ్లు విరుచుకుపడి పరుగెత్తేది అప్పుడే. జంతువులు మేతకూ నీళ్లకూ కదిలేదీ అప్పుడే. చీకటి పడకముందే మన్ననూరు దాటలేమనిపిస్తే ఆ పరుగులోకి దిగకండి. కల్వకుర్తిలోనో అచ్చంపేటలోనో పడుకుని, తెల్లారి 6కి గేటు తీశాక వెళ్లండి.